అద్దాల బీరువాలో ఇరవై రెండో పేజీ

తాంజుంగ్ కేలోర్
29 జనవరి 1996

నెలిస్,

దీవెనలు సగమే పంపుతున్నాను. మిగతా సగం నేనడిగిన పుస్తకాలు నా చేతికి వచ్చాక.

క్రిస్మస్‌కి నువ్వు పంపిన పెట్టె విప్పాను. పదహారు నవలలు. పదహారింటి అట్టల మీదా ఓ ఆడపిల్ల ఏడుస్తోంది. సురబాయాలో పాత పుస్తకాల సందులో తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నావు. మీ పిన్ని ముప్ఫై ఏళ్ళు బడిపంతులమ్మగా చేసింది, నీకు అక్షరాలు దిద్దించిందీ నేనే. ఇంతా చేసి మా మీద నీకున్న అభిప్రాయం ఇదన్నమాట. ఏడవడానికి మాకు పుస్తకాలు అక్కర్లేదు. పింఛను రోజున గ్రామ కార్యాలయానికి వెళ్తే చాలు.

నేనడిగింది నిజం పుస్తకాలు. వసారాలో పుస్తకాల అర పెట్టి ఏడాదైంది. సాయంత్రమయ్యేసరికి మనుషులు వచ్చి కూర్చుంటారు, మొక్కజొన్న అటుకులు నములుతూ ప్రశ్నలు వేస్తారు. లాజరుస్ తాతకి గ్రహణం ఎందుకు పడుతుందో కావాలి. మీ వదిన మరెతాకి అటక మీద దాచిన మొక్కజొన్నకి పురుగు ఎక్కణ్ణించి వస్తుందో కావాలి. మొన్న కల్లు గీసేవాళ్ళు తేనెటీగకి దారి ఎలా తెలుస్తుందని ఓ పూటంతా వాదించుకుని, తీర్పు చెప్పమని నా దగ్గరకొచ్చారు. నా దగ్గరేముంది, ఏడ్చే ఆడపిల్లలు తప్ప.

ఇక అసలు సంగతి. మీ అన్న రోఫినుస్ ఇప్పుడు తెరిపాంగ్, అదే ఆ సముద్ర దోసకాయలు, ఏరడానికి సముద్రం అడుక్కి దిగుతున్నాడు. టైర్లకి గాలి కొట్టే మిషను పడవ మీద పెట్టి, దాని గొట్టం పళ్ళతో పట్టుకుని ఇరవై బారల లోతుకి పోతాడు. రోజుకి మూడుసార్లు. పైకి వచ్చాక మోకాళ్ళూ భుజాలూ పట్టేస్తున్నాయి. పోయిన వారం చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే మరెతా పెట్టింది. "చల్లగాలి ఒంట్లో చేరింది పిన్నీ, నూనె రాస్తే పోతుంది" అంటాడు. మానరా అంటే, "నువ్వు మెడలోతు నీళ్ళలోకి కూడా ఎప్పుడూ దిగలేదు, నాకు చెప్పకు" అంటాడు. ఆ మాట నిజమే. కానీ వాడికి అచ్చు మీద గురి. పడవ ఇంజను విప్పి బిగించడం ఓ పుస్తకం చూసే నేర్చుకున్నాడు, ఒకరు చెబితే కాదు. పక్క దీవిలో ఇదే పని చేసేవాళ్ళు ఇద్దరు మంచాన పడ్డారు, ఒకడు పోయాడు. లోతుకి దిగేవాళ్ళకి ఏమవుతుందో, ఏం చేయాలో రాసిన పుస్తకం ఎక్కడో ఉండి తీరాలి. మిగతావి దొరక్కపోయినా ఇది దొరకాలి.

టపా పడవవాడు మా గుట్ట ఎక్కడు, అన్నీ గ్రామ కార్యాలయంలో పడేసి పోతాడు. ఆ అడ్రసుకే పంపు.

కోపంగానే,
పిన్ని బెర్నదేతా


సురబాయా
26 ఫిబ్రవరి 1996

పిన్నీ,

ఆ నవలలు నేను ఏరినవి కావు, మా యజమాని వదిలించుకున్నవి. ఊరికే వస్తున్నాయని పంపాను. తిట్లు ఆయనకి అప్పజెప్పాను. ఆయన నవ్వి, "మీ పిన్నిని ఓసారి ఇక్కడికి రమ్మను, ఈ సందంతా సర్దిపెడుతుంది" అన్నాడు.

రెండు వారాలు తిన్నగా భోజనం చేయలేదు నేను. ఎవరి ఇల్లు ఖాళీ అవుతోందంటే అక్కడికి పోయి గుట్టల్లో కూర్చున్నాను. ముప్ఫై ఎనిమిది పుస్తకాలు దొరికాయి, ఒక్కదానిలోనూ ఎవరూ ఏడవరు. గ్రహణాలకి బొమ్మలతో సహా ఉంది, లాజరుస్ తాతకి చూపు తక్కువ కదా, అక్షరాలు పెద్దవి చూసి తీసుకున్నాను. ధాన్యం దాచే పద్ధతుల మీద ఒకటి, వ్యవసాయ కళాశాల పిల్లలు చదివేది, కాస్త ముదురుగా ఉంటుంది, వదినకి నువ్వు విడమరిచి చెప్పు. తేనెటీగలవి రెండు. రెండిట్లో రెండు రకాలుగా రాశారు, కాబట్టి కల్లు గీసేవాళ్ళ వాదన ఇంకో ఏడాది సాగుతుంది. పాముకాటుకి ఒకటి. అగ్నిపర్వతాలు, సబ్బు తయారీ, ఎముకలు, నక్షత్రాలు, తిమింగలాలు, కుట్టుమిషను బాగు చేసుకోవడం. ఒకటి మాత్రం నా ఇష్టంతో పెట్టాను, ఉప్పు ఏ ఏ దేశాలకి ఎలా ప్రయాణం చేసిందో చెప్పేది. చదివాక నీకు ఇంటి ఉప్పుడబ్బా మీద గౌరవం పెరుగుతుంది.

అన్న పుస్తకం కూడా దొరికింది. ఓ నావికుడు పోతే వాళ్ళావిడ సామాను అమ్ముతోంది. సముద్రం అడుగున పని చేసేవాళ్ళకి శిక్షణలో ఇచ్చే పుస్తకమట. ఆవిడ ఓ పట్టాన ఇవ్వలేదు. మా అన్న సంగతి చెబితే ఉత్తినే చేతిలో పెట్టింది. ఇరవై రెండో పేజీలో పట్టిక ఉంది, ఎంత లోతులో ఎన్ని నిమిషాలు ఉండొచ్చు, పైకి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఆగాలి అని. అక్కడో ఎర్ర కాగితం పెట్టాను. అందులోవి ఇక్కడ రాయను. నేను చెబితే అన్న చెవిన వేసుకోడు, అచ్చులో చూస్తేనే నమ్ముతాడు.

పెట్టె ఓడలో పై తట్టులో తడుస్తుందని ఒక్కో పుస్తకానికీ ప్లాస్టిక్ వేయించి నాలుగు పక్కలా అతికించాను, కొత్త పుస్తకాల షాపుల్లో ఉంటాయే, అచ్చం అలాగే. చూసి మురిసిపోతావు. దీవెనలు రెండో సగం వెంటనే పంపు.

నెలిస్


తాంజుంగ్ కేలోర్
25 మార్చి 1996

నెలిస్,

ఓడ వచ్చి వెళ్ళి పదిరోజులు దాటింది. పెట్టె రాలేదు. కార్యాలయానికి మూడుసార్లు మనిషిని పంపాను, "టీచర్‌కి ఏమీ రాలేదు" అనే చెప్పారు. పంపకుండానే పంపానని రాశావా? అలాగైతే ఒప్పేసుకో, ఊరుకుంటాను. మీ అన్నకి ఇప్పుడు కుడిచెయ్యి భుజం పైకి లేవడం లేదు. ఎడమచేత్తో అన్నం తింటున్నాడు.

బెర్నదేతా


సురబాయా
27 మార్చి 1996

పిన్నీ,

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మన ఊరి పిలిపుస్ ఆ ఓడలోనే వంటమనిషి కదా, మొన్న మా సందుకి వచ్చాడు. పెట్టె మార్చి పధ్నాలుగున మన రేవులో తన చేతుల మీదే దించాడట. తర్వాత కార్యాలయంలో చూశాడట కూడా. "లోపలి గదిలో ఎంత అందంగా పెట్టారనుకున్నావు. అద్దాల బీరువా, తాళం. నీ పుస్తకాలు ప్లాస్టిక్ కూడా చిరగకుండా తళతళా మెరుస్తున్నాయి. పైన బోర్డు మీద మీ పిన్ని పేరు, నిర్వాహకురాలు అని" అన్నాడు.

నిర్వాహకురాలు. బాగుంది. రెండు వారాలు దుమ్ములో దగ్గుతూ కూర్చున్నది నీకు బోర్డు రాయించడానికా? వసారాలో జనం చదువుతారని రాశావు. నాకు నువ్వు చెప్పిన ఆ ప్రశ్నలన్నీ నిజమేనా, లేక బీరువా నింపడానికి కట్టిన కథా? పోనీ, మిగతా ముప్ఫై ఏడూ తాళం వేసుకో. అన్నది ఒక్కటి వాడి చేతికి ఇవ్వడానికి నీకేం అడ్డొచ్చింది?

జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

కొర్నేలిస్


తాంజుంగ్ కేలోర్
11 ఏప్రిల్ 1996

కొర్నేలిస్ గారికి,

మీరు పూర్తిపేరుతో సంతకం చేశారు కాబట్టి నేనూ గౌరవంగానే పిలుస్తున్నాను.

నీ ఉత్తరం చదివి, చెప్పులు కూడా వేసుకోకుండా కార్యాలయానికి నడిచాను. నిజమే. అద్దాల బీరువా, తాళం, నా పేరు. గ్రామపెద్ద హెర్మానుస్ మూడో తరగతిలో నా విద్యార్థి. నన్ను చూసి కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు.

"నా పెట్టె ఎవరు విప్పమన్నారు నిన్ను?" అన్నాను.

"కార్యాలయం అడ్రసుకి వస్తే కార్యాలయానిదే కదా టీచర్. ఆదర్శ గ్రంథాలయం అని జిల్లా పోటీ పెట్టారు. మే ఇరవైన చూడ్డానికి వస్తున్నారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఇన్ని కొత్త పుస్తకాలు లేవు. మొదటి బహుమతి మనదే."

"మూడుసార్లు మనిషిని పంపితే నాకేమీ రాలేదన్నారే."

"పోటీ రోజున మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నాం. పేరు కూడా మీదే రాయించాం, చూడండి."

"పేరు నువ్వే ఉంచుకో. నాకు ఆ చివరున్న పుస్తకం కావాలి. ఒక్కటి."

"ప్లాస్టిక్ చింపితే ఇంకేముంది టీచర్, పాతదైపోతుంది. ఇంకెంత, నలభై రోజులు ఓపిక పట్టండి. అయినా తాళంచెవి కార్యదర్శి దగ్గరుంది, అతను కూతురి పెళ్ళిపనుల మీద పక్క దీవికి వెళ్ళాడు."

అద్దంలోంచి నీ ఎర్ర కాగితం కొస కనిపిస్తూనే ఉంది. తిరిగి వచ్చేశాను.

అసలు నిన్ను ప్లాస్టిక్ ఎవడు వేయమన్నాడు? ఇక్కడి మనుషుల సంగతి నీకు తెలియదా? సోఫా కొంటే దాని ప్లాస్టిక్ తీయకుండానే పదేళ్ళు కూర్చునే వాళ్ళం. తడిసిపోయి వచ్చినా బాగుండేది, ఎండబెట్టుకుని చదువుకునేవాళ్ళం. అందులోవి ఉత్తరంలో రాయనన్నావే, అంత పట్టుదల దేనికి? నీ ఉత్తరం రోఫినుస్‌కి చదివి వినిపిస్తే, "ఇందులో పేజీ నంబరే ఉంది పిన్నీ, పేజీ ఏదీ?" అని నవ్వి గొట్టం భుజాన వేసుకుని పోయాడు.

వెంటనే ఆ పట్టిక రాసి పంపు. తిట్టుకోవడానికి తర్వాత బోలెడంత సమయం ఉంది.

పిన్ని


సురబాయా
25 ఏప్రిల్ 1996

పిన్నీ,

నన్ను క్షమించు. బోర్డు మాట రాసినందుకు చెంపలేసుకుంటున్నాను.

పట్టిక నా దగ్గర లేదు. రాసుకోలేదు. పుస్తకం దొరికిందన్న సంబరంలో ఇరవై రెండో పేజీ దాకా తిరగేసి, కాగితం పెట్టి, ప్లాస్టిక్ వేయించేశాను. చివరిదాకా చదవను కూడా లేదు. పుస్తకాలు అమ్మేవాడి బతుకు ఇంతే. గుర్తున్నంతవరకు రాస్తాను, అన్నకి చెప్పు. ఊపిరి వదిలినప్పుడు పైకి లేచే చిన్న బుడగ కంటే నెమ్మదిగా పైకి రావాలి. ఉపరితలానికి మూడు బారల కింద ఆగాలి, ఎంతసేపో గుర్తులేదు. ఒకసారి లోతుకి దిగిన రోజు మళ్ళీ దిగకూడదు. వాడు మూడుసార్లు దిగుతున్నాడు పిన్నీ.

అద్దం ముందు నిలబడి తిరిగి వచ్చేశానని రాశావు. నువ్వా? బల్ల విరగ్గొట్టిన ఇన్‌స్పెక్టర్ని బడి బయటికి పంపినదానివి నువ్వు. పగలగొట్టు. అది కుదరకపోతే ఒక పని చెయ్యి. హెర్మానుస్ అవి కొత్తవనుకుంటున్నాడు. ఒక్కటీ కొత్తది కాదు. ఏదైనా ఒక దాని ప్లాస్టిక్ చింపి చూపించు. ప్రతి దానిలోనూ ఎవరో ఒకరి పేరు, కాఫీ మరక, చిన్నపిల్లల పిచ్చిగీతలు ఉంటాయి. పాతవని తెలిస్తే వాడే బయట పారేస్తాడు.

ఈ ఉత్తరం త్వరగా చేరాలని ఎక్కువ స్టాంపులు అంటిస్తున్నాను.

నెలిస్


తాంజుంగ్ కేలోర్
8 మే 1996

నెలిస్,

కూర్చుని చదువు.

మే మూడున మూడోసారి దిగి పైకి వచ్చాక, రోఫినుస్ పడవలో కాసేపు బాగానే ఉన్నాడు. కల్లు కూడా తాగాడట. ఒడ్డుకి దిగబోతే కాళ్ళు నిలవలేదు. నడుము కింద ఏమీ తెలియడం లేదు. మోసుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టారు. నూనె రాసేవాడు వచ్చి రెండు రోజులు రుద్దాడు. మరెతా ఏడవడం లేదు, ఒక్క మాటా మాట్లాడటం లేదు. నాకు అదే భయంగా ఉంది.

నీ ఉత్తరం ఆరో తారీఖున వచ్చింది. పట్టుకుని పోయాను. అవి పాత పుస్తకాలని చెబితే హెర్మానుస్ నమ్మలేదు. కార్యదర్శిని పిలిపించి, తాళం తీయించి, ఒక తేనెటీగల పుస్తకం చింపి చూపించాను. మొదటి పేజీలో ఎవరిదో పేరు, గుండ్రటి కాఫీ మరక, నలిగి అంటుకుపోయిన దోమ. హెర్మానుస్ ముఖం పాలిపోయింది. "అయ్యో టీచర్, ఇవి జిల్లావాళ్ళు చూస్తే నా పరువు పోయేది. తొందరగా తీసుకుపోండి" అన్నాడు. పది నిమిషాల్లో ముప్ఫై ఎనిమిదీ నా ముందు పోగు పోయించాడు. నలభై రోజులు ఆగమన్నవాడు, పది నిమిషాల్లో. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. మనవలున్నవాడు కాబట్టి ఊరుకున్నాను.

ఇరవై రెండో పేజీ మీ అన్నకి మంచం దగ్గర చదివాను. వాడు వేలితో గళ్ళు వెతుక్కుంటూ తన లోతు, తన నిమిషాలు చూసుకున్నాడు. "ఇది ముందే చూస్తే మూడు బారల దగ్గర ఆగేవాణ్ణి పిన్నీ. ఆగడం ఏమంత కష్టం?" అన్నాడు.

నువ్వు చదవని పేజీలు నేను చదివాను. నలభై ఒకటో పేజీలో ఉంది, ఇలా అయినవాళ్ళని ఇనపగదిలో పెట్టి, గాలి ఒత్తిడి పెంచి, నెమ్మదిగా తగ్గిస్తారట. ఎంత త్వరగా అయితే అంత మంచిదట. ఆ గది ఉన్న ఊరి పేరు కూడా అక్కడే ఉంది. సురబాయా. నావికుల ఆసుపత్రి. తొమ్మిదేళ్ళుగా నువ్వు ఉంటున్న ఊరు.

ఓడ పదిహేనున. అంతకుముందు వేరే దారి లేదు, అందరినీ అడిగాను. పిలిపుస్‌ని కిందితట్టులో చాప పరిచే చోటు చూడమని అడుగుతాను. మరెతా తోడు వస్తుంది. రేవులో మంచంతో సహా సిద్ధంగా ఉండు.

పిన్ని


సురబాయా
9 జూన్ 1996

పిన్నీ,

అన్నని మే ఇరవైన ఆసుపత్రిలో చేర్చాం. ఇప్పటికి పదిహేనుసార్లు ఆ గదిలో పెట్టారు. కుడికాలు వేళ్ళు కదులుతున్నాయి. మొన్న పట్టుకుంటే నిలబడ్డాడు. ఎడమకాలు మాత్రం రాదంటున్నారు. కర్రతో నడవొచ్చు, సముద్రంలోకి మళ్ళీ దిగకూడదు. వదిన ఇప్పుడు మాట్లాడుతోంది, ఆసుపత్రి అన్నం గురించి తిడుతోంది. నువ్వు భయపడకు.

ఇది రాస్తే నీకు బాధ అని తెలుసు. రాయకపోతే నాకు నిద్ర పట్టడం లేదు.

మొదటిరోజు డాక్టరు వివరాలు రాసుకుంటూ, "అంత దూరం నుంచి సూటిగా ఇక్కడికే రావాలని మీకెలా తెలిసింది? చాలామంది ఏడాది తర్వాత వస్తారు, లేకపోతే అసలు రారు" అన్నాడు.

"పుస్తకంలో ఉంది" అని చెప్పి అన్న తన తలగడ కింది నుంచి తీసి చూపించాడు.

డాక్టరు తిప్పి చూశాడు. "మా పాత శిక్షణ పుస్తకం ఇది. ఇందులో పట్టిక కూడా ఉందే. ఇది మీకు ఎప్పుడు దొరికింది?"

"మా ఊరికి మార్చి పధ్నాలుగున వచ్చింది" అన్నాను నేను.

"ఈయనకి ఇలా అయింది మే మూడున అన్నారు కదా" అన్నాడు. కాగితం మీద రెండు తేదీలూ పక్కపక్కన రాసి, మా ఇద్దరి వంకా చూశాడు. 

ఆయన వెళ్ళాక హెర్మానుస్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్న విని, "అరవకురా, పక్క మంచాల వాళ్ళు పడుకున్నారు" అన్నాడు.

అన్నకి ఇలా అయ్యేనాటికి అది ఆ బీరువాలో యాభై రోజులుంది పిన్నీ. నేను లెక్కపెట్టాను. వాడి మీద జిల్లాకి ఫిర్యాదు రాస్తాను, నువ్వు కూడా సంతకం పెట్టు.

నెలిస్


తాంజుంగ్ కేలోర్
27 జూన్ 1996

నెలిస్, నా తండ్రీ,

వేళ్ళు కదిలాయన్న మాట మరెతా వాళ్ళమ్మకి మూడుసార్లు చదివి వినిపించాను. ఆవిడ నాలుగోసారి కూడా చదవమంది.

జిల్లావాళ్ళు మే ఇరవైనే వచ్చి వెళ్ళారు. ఖాళీ బీరువా చూసి, మా ఊరిని ఆఖర్న వేశారట. పుస్తకాలు ఊళ్ళో తిరుగుతున్నాయి. లాజరుస్ తాత గ్రహణాల పుస్తకం తిరిగివ్వనంటున్నాడు. తెరిపాంగ్‌కి వెళ్ళే తొమ్మిదిమంది ఇరవై రెండో పేజీని గోధుమపిండి సంచుల వెనకాల మసితో రాసుకుని పడవల్లో కట్టుకున్నారు. రోజుకి రెండోసారి దిగడం మానేశారు.

ఫిర్యాదు మీద నేను సంతకం పెట్టను. ఎందుకో చెబుతాను. నువ్వు అడిగావు కదా, అద్దం ముందుకి వెళ్ళి ఎలా తిరిగి వచ్చేశావు, నువ్వా అని. ఆరోజు నేను నీకు అంతా రాయలేదు.

హెర్మానుస్ తాళంచెవి లేదనగానే నేను బయటికి వెళ్ళి రాయి తెచ్చాను. అరచేతిలో పట్టనంత రాయి. బీరువా ముందు ఎత్తాను కూడా. అప్పుడు వాడు అరవలేదు, అడ్డురాలేదు. చిన్నగా, "టీచర్, నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు బడిలో పుస్తకాల బీరువా తాళం మీ నడుముకే కదా ఉండేది. ఇన్‌స్పెక్టరు వచ్చినరోజునే కదా తీసేవారు. మీరు నేర్పినట్టే చేస్తున్నాను కదా" అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు నెలిస్. నన్ను మెప్పించాలనే అన్నాడు.

పదకొండేళ్ళు ఆ తాళంచెవి నా దగ్గరుంది. పిల్లలు చింపేస్తారని, మరకలు చేస్తారని. బీరువా నిండా ఉన్నవాటిలో నేను కూడా సగం చదవలేదు. ఆ మాట వినగానే సిగ్గుతో నా చెయ్యి దిగిపోయింది. రాయి గుమ్మం పక్కన పెట్టి ఇంటికి వచ్చేశాను. అది ఏప్రిల్ పది. రోఫినుస్‌కి ఇంకా ఇరవై మూడు రోజులు కాళ్ళున్నాయి.

వాడి మీద ఫిర్యాదు రాయాలంటే ముందు నా పేరు రాయి. హెర్మానుస్ పేరు దాని కింద రాయి.

ఈ ఉత్తరం మీ అన్నకి పూర్తిగా చదివి వినిపించు. ఏదీ దాటెయ్యకు. వాడు ఏమంటాడో ఉన్నదున్నట్టు రాయి.

పిన్ని